రెండో కేక

2024 మార్చి 26, మంగళవారం. మన చిత్తూరు జిల్లా గంగవరంలో పొద్దున 10 గంటల 55 నిమిషాలు. పలమనేరు వైపు నుంచి టమోటా లారీలు కదిలే వేళ. బెంగళూరు బస్సులు, ఆటోలు, మధ్యలో దూరే బైకులతో ఎప్పటిలాంటి పొద్దే. సరిగ్గా అదే నిమిషంలో భూగోళానికి అవతలి పక్క, అమెరికాలోని బాల్టిమోర్‌లో అర్ధరాత్రి దాటి 1 గంట 25 నిమిషాలు. పటాప్స్కో నది మీద ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన నడిమధ్యన, నీటికి దాదాపు 56 మీటర్ల ఎత్తులో, కొందరు కూలీలు రోడ్డు గుంతలు పూడ్చే పని కాసేపు ఆపి, సేద తీరుదామని తమ బండ్లలో కూర్చున్నారు.

కూలీలు ఏడుగురు, వాళ్లతో పాటు ఒక ఇన్‌స్పెక్టరు. ఏడుగురూ మెక్సికో నుంచీ మధ్య అమెరికా దేశాల నుంచీ పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లే. మన హైవేల మీద బిహారు, ఒడిశా, జార్ఖండ్ కుర్రాళ్లు తారు పోస్తున్నట్టే అనుకోండి. పగలు ఆ వంతెన మీద వేలాది బండ్లు పోయేవి కాబట్టి గుంతలు పూడ్చే పని రాత్రికి పెట్టుకున్నారు. పని జరుగుతోంది కాబట్టే పోలీసు బండ్లు కూడా వంతెన దగ్గర కాపలా ఉన్నాయి. ఈ ఒక్క వివరం గుర్తు పెట్టుకోండి. ఆ రాత్రి చాలామంది ప్రాణాలు దక్కింది దీనివల్లే.

వంతెనకు కిలోమీటరు దూరం కూడా లేదు, డాలీ అనే సరుకు నౌక వస్తోంది. పొడవు 300 మీటర్లు. కొలంబోకు బయల్దేరింది. సిబ్బంది 21 మంది, వాళ్లలో 20 మంది భారతీయులే, ఒకరు శ్రీలంక మనిషి. నౌకను రేవు దాటించే స్థానిక పైలట్లు ఇద్దరు వాళ్లతో ఉన్నారు. 1.25కు నౌకలో కరెంటు పోయింది. దీపాలు ఆరాయి. అంత పెద్ద ఓడకు చుక్కాని మీద పట్టు తప్పింది. కరెంటు వచ్చింది, మళ్లీ పోయింది. ఏడాదిన్నర దర్యాప్తు చేసి అమెరికా రవాణా భద్రతా బోర్డు 2025 నవంబరులో తేల్చింది ఏమిటంటే, ఒక సిగ్నల్ వైరుకు చుట్టిన లేబుల్ అడ్డుపడి, ఆ వైరు కొస తన గుంటలో పూర్తిగా కూర్చోలేదట. వేలెడంత లేబులు.

1.26 దాటాక పైలట్ టగ్ పడవల కోసం కేక వేశాడు. లంగరు దించమన్నాడు. వంతెన మూయించమన్నాడు. ఆ మాట పైలట్ల డిస్పాచర్ దగ్గరికి, అక్కడి నుంచి ఫోన్‌లో వంతెన పోలీసుల డ్యూటీ ఆఫీసరుకు, అక్కడి నుంచి వైర్‌లెస్‌లో గస్తీ బండ్లకు వెళ్లింది. ఇన్ని చేతులు మారినా కొన్ని సెకన్లలోనే చేరింది. స్టీరింగ్ పోయిన ఓడ ఒకటి వస్తోంది, రెండు వైపులా ట్రాఫిక్ ఆపండని ఆ మాట సారాంశం. ఒక కొసన పోలీసు బండి అడ్డం పెట్టి ఆపాడు. రెండో కొస కూడా ఆగిందని కబురు వచ్చింది. ఎక్కడి నుంచో పరుగున రావాల్సిన పని లేకపోయింది. గుంతల పనికి కాపలాగా వచ్చినవాళ్లు అక్కడే ఉన్నారు కదా.

అప్పుడు వైర్‌లెస్‌లో ఇంకో మాట వినపడింది. వంతెన మీద పనివాళ్లు ఉన్నారు కదా, వాళ్ల మేస్త్రీ ఎవరో వాళ్లకు చెప్పి కాసేపు దించేస్తే మంచిదేమో అని. ఇంకో పోలీసు, తన చోటికి మరో బండి రాగానే తానే పైకి పోయి వాళ్లను తీసుకొస్తానన్నాడు. ఆ మాటల్లో అలసత్వం లేదు, భయమూ లేదు. ఓడ వచ్చి తగిలేది మరి కొన్ని క్షణాల్లోనని అనుకున్న గొంతులు కావవి. మేస్త్రీ ఎవరు, ఏ నంబరుకు చేయాలి అనే దగ్గర మాట ఆగింది.

1.29కి డాలీ వంతెన స్తంభాన్ని తాకింది. ఇనుప చట్రమంతా వరసగా నదిలోకి ఒరిగింది. వైర్‌లెస్‌లో తర్వాత వినపడింది, వంతెన మొత్తం పడిపోయిందని ఒక పోలీసు అరుపు.

ఇన్‌స్పెక్టరు తప్పించుకున్నాడు. ఏడుగురు కూలీల్లో ఒకడు నీళ్లలోంచి బతికి బయటపడ్డాడు. ఆరుగురు పోయారు. ఆఖరి శవం దొరికేసరికి మే 7 అయింది. వంతెన ఎక్కబోయి పోలీసు బండి అడ్డం పడి ఆగినవాళ్లు ఎంతమందో గాని, వాళ్లంతా ఇళ్లకు చేరారు. భద్రతా బోర్డు తన తుది మాటలో ఇంకొక సంగతి రాసింది. ట్రాఫిక్ ఆపమని పోలీసులకు చెప్పిన వెంటనే పనివాళ్లకూ చెప్పి ఉంటే, కూలిపోని భాగం దాకా బండి నడుపుకుని పోయే వ్యవధి వాళ్లకు ఉండి ఉండొచ్చని.

బయటి బండ్లకు వేసిన కేక చేరింది. లోపలి మనుషులకు వేయాల్సిన కేక వైర్‌లెస్‌లోనే తచ్చాడింది.

ఇది ఓడ ప్రమాదం, మనకెందుకు అనిపించొచ్చు. నాకు మాత్రం దీన్ని ఓడ కథగా చదవబుద్ధి కాలేదు. రోడ్డు పని జరిగేచోట ట్రాఫిక్‌ను ఎవరు ఎలా అదుపు చేయాలన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు తెలియదు. పైగా బాల్టిమోర్‌కు అది మొదటి దెబ్బ కూడా కాదు. అదే 695 నంబరు రింగు రోడ్డు మీద, ఏడాది ముందు, 2023 మార్చి 22న పట్టపగలు, వుడ్‌లాన్ దగ్గర ఆరుగురు రోడ్డు పనివాళ్లు చనిపోయారు. వాళ్లకు రోడ్డుకూ మధ్య గట్టి కాంక్రీటు దిమ్మెల గోడ ఉంది. పని బండ్లు లోపలికి రావడానికి ఆ గోడలో ఒక సందు వదిలారు. గంటకు 55 మైళ్ల హద్దు ఉన్నచోట రెండు కార్లు 100 మైళ్లకు మించిన వేగంతో పోతూ ఒకదాన్నొకటి తగిలాయి. ఒక కారు అదుపు తప్పి, గోడలో వదిలిన ఆ సందులోంచే లోపలికి దూరింది.

తప్పు ఎవరిదంటే వేగంగా నడిపినవాళ్లదే. ఆ మాట అనేసి ఊరుకోవడం తేలిక. కాని రోడ్డు పని సూపర్‌వైజరు ఉద్యోగమే తప్పు చేసేవాడు ఒకడు వస్తాడని ముందే లెక్క వేసుకోవడం. మంచి డ్రైవర్లే వస్తారనుకుంటే గోడెందుకు, కోన్‌లెందుకు?

ఇప్పుడు మన దారికి వద్దాం. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి దాకా పోయే 42వ నంబరు జాతీయ రహదారి ఒకటి. చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా ముళబాగిలు, కోలారు వైపు పోయే పాత మద్రాసు–బెంగళూరు దారి ఇంకొకటి. ఇవి చాలవన్నట్టు వి.కోట, బైరెడ్డిపల్లె, పలమనేరు పొలాల మీదుగా బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే. ఇన్ని దారులున్న చోట ఎప్పుడూ ఏదో ఒక మూల తవ్వకమే, డైవర్షనే.

పని దగ్గరికి పోయి చూడండి. సగం రోడ్డు తవ్వి, మిగతా సగంలో బండ్లను వంతులవారీగా వదులుతుంటారు. తవ్విన గుంత పక్కన సున్నం కొట్టిన తారు డ్రమ్ములు, ఇసుక మూటలు, ఒక పచ్చి కంప. కంప ఎండి ఆకులు రాలితే రాత్రి లైటు వెలుగులో అది అక్కడున్నట్టే తెలియదు. డ్రమ్ముకు అంటించిన మెరిసే టేపు మీద టిప్పరు లేపిన ఎర్రదుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది. వేలితో తుడిస్తే మెరుస్తుంది. తుడిచేవాడెవరు? ఈ చివర ఒక కుర్రాడు కర్రకు ఎర్రగుడ్డ కట్టుకుని నిలబడతాడు, ఆ చివర ఇంకొకడు. వాళ్ల మధ్య వంపు ఉంటే ఒకడికొకడు కనపడరు. ఆఖరుగా వదిలిన బండి నంబరు ఫోన్‌లో చెప్పుకుంటారు. సిగ్నల్ పోతే దేవుడే దిక్కు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికొక పుస్తకమే రాసి పెట్టింది. ఎస్‌పీ 55 అని, 2014లో సవరించిన మార్గదర్శకాలు. పని చోటును నాలుగు ముక్కలుగా చూడమంటుంది. ముందు హెచ్చరించే చోటు, బండ్లను మెల్లగా పక్క వరసలోకి మళ్లించే ఏటవాలు, అసలు పని జరిగే చోటు, మళ్లీ మామూలు రోడ్డులోకి వదిలే చోటు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది మూడోది ఒక్కటే. బోర్డు ఉంటే గుంతకు పది అడుగుల ముందు ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. డ్రైవరు చూసి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపే రెండు సెకన్లు అయిపోతాయి. అంటే నలభై నాలుగు మీటర్లు బ్రేకు తగలకుండానే గడిచిపోయాయి. లోడు లారీ ఆగడానికి ఆపైన ఎంత కావాలో దాని టైర్లను, ఆ రోజు వానను అడగాలి. పది అడుగుల ముందున్న బోర్డు హెచ్చరిక కాదు, గుంతకు పెట్టిన పేరు పలక.

రాత్రి సంగతి చెప్పాలంటే ఈ ప్రాంతం వాళ్లకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. 2023 జూన్ 14 రాత్రి, పలమనేరు–చిత్తూరు హైవేలో భూతలబండ దగ్గర, కౌండిన్య అడవి వైపు నుంచి రోడ్డెక్కిన ఏనుగులను కూరగాయల లోడుతో పోతున్న వ్యాను ఢీకొట్టింది. మూడు ఏనుగులు అక్కడికక్కడే చనిపోయాయి. మూడు ఏనుగులే సకాలంలో కంటపడని చీకటది. అదే చీకట్లో, అదే హైవేలో, మెరిసే జాకెట్టు కూడా లేని కుర్రాణ్ణి ఎర్రగుడ్డతో నిలబెట్టి లారీలు ఆపమంటున్నాం. రాత్రిపూట ఎర్రగుడ్డ నల్లగుడ్డే.

పని అంటే మనిషి చేతిలో పార ఉన్నప్పుడు మాత్రమే అనుకోవడం ఇంకో పొరపాటు. 2021 జూలై 6న అనకాపల్లి దగ్గర, అనకాపల్లి–ఆనందపురం ఆరు వరసల రోడ్డు కోసం కడుతున్న ఫ్లైఓవర్ గర్డర్లు కింద పోతున్న బండ్ల మీద పడ్డాయి. ఒక కారు, ఒక ట్యాంకరు వాటి కింద చిక్కుకున్నాయి. కారులో ఇద్దరు చనిపోయారు. గర్డరు ఎక్కించడం అయింది కదా అని కింద ట్రాఫిక్ వదిలేయడం మనకు అలవాటు. పక్క గర్డర్లతో గట్టిగా ముడిపడేదాకా అది ఇంకా గాల్లో వేలాడుతున్న సరుకే, దాని కింద రోడ్డు ఇంకా పని చోటే. ఉత్తరాదిన బరేలీ దగ్గర 2024 నవంబరులో, వరదకు కొట్టుకుపోయిన వంతెన చివర అడ్డుకట్ట లేక, మ్యాపు చూపించిన దారిన పోయి కారుతో సహా కిందపడి ముగ్గురు పోయారు. అక్కడ పనీ లేదు, మనిషీ లేడు. ఒక గోడ ఉంటే చాలేది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. పని అయిపోయి నెలలైనా తీయని బోర్డులు. పార పట్టిన మనిషి బొమ్మ ఉన్న ముక్కోణపు బోర్డును పది చోట్ల చూసి, పది చోట్లా మనిషి కనపడకపోతే, పదకొండో చోట డ్రైవరు కాలు యాక్సిలరేటరు మీద నుంచి లేవదు. ఆ పదకొండో చోటే మనిషి ఉంటాడు. సాయంత్రం పని ముగిశాక బోర్డు మీద గోనెసంచి కప్పడం అయిదు నిమిషాల పని. నా మట్టుకు నేను సూపర్‌వైజరు పనితనాన్ని కొత్త బోర్డుల లెక్కతో కొలవను, అక్కర్లేని బోర్డు ఎన్ని తీయించాడో చూస్తాను.

మంచి సూపర్‌వైజర్లు చేసే పని ఇంకొకటి ఉంది. చీకటి పడ్డాక తన సొంత సైటులోంచి తానే, మామూలు డ్రైవరులాగా, రెండు దిక్కుల నుంచీ బండి నడుపుకుని రావడం. ఎదుటి లారీ హైబీమ్ కళ్లలో పడుతుంటే తన బాణం గుర్తు తనకే కనపడుతుందో లేదో అప్పుడే తేలుతుంది. పగలు ప్లాను కాగితం మీద చక్కగా ఉన్న మళ్లింపు, రాత్రి స్టీరింగు వెనక కూర్చుంటే నేరుగా గుంతలోకి చూపిస్తుండొచ్చు.

చట్టం లేదనుకోకండి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ 198ఎ అనే సెక్షన్ చేర్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోతే, అంగవైకల్యం పాలైతే, బాధ్యులైన అధికారికో కాంట్రాక్టరుకో లక్ష రూపాయల దాకా జరిమానా. వందల కోట్ల పనికి లక్ష. వ్యాఖ్య అనవసరం.

అయితే ఈ బోర్డులు, కోన్‌లు, టేపులు, జెండాలు అన్నీ కలిపినా అది మొదటి కేకే, బయటి బండ్లకు చెప్పేది. రెండోది ఎక్కడుంది? కుప్పం పోయి చూడండి. రోడ్డు మీద కాదు, రైలు పట్టాల మీద. చెన్నై–బెంగళూరు లైనులో గ్యాంగు పని చేసేచోట, ముఖ్యంగా వంపుల దగ్గర, లుకౌట్ మనిషి అని ఒకడు ఉంటాడు. అందరూ వంగి పట్టా చూస్తుంటే వాడు మాత్రం పార పట్టడు, రైలు వచ్చే దిక్కే చూస్తుంటాడు. ఈల వేశాడంటే చేతిలో పని ఎక్కడుంటే అక్కడ వదిలి పక్కకు తప్పుకోవాలి. రైలు డ్రైవరుకు ఎర్రజెండా, పట్టా మీద పేలే పటాసు వేరు. గ్యాంగుకు ఈల వేరు. రేడియోతో ముందే హెచ్చరించే రక్షక్ అనే పరికరాన్ని కూడా రైల్వే వాళ్లు కొన్నిచోట్ల తెచ్చారు. ఇన్ని ఉన్నా ట్రాక్‌మెన్ చనిపోతూనే ఉన్నారు, అది నిజమే. కాని వెనక నుంచి వచ్చే దాన్ని చూడటం ఒక మనిషికి పూర్తి ఉద్యోగమని రైల్వే ఏనాడో ఒప్పుకుంది. పక్కనే పోతున్న హైవే పని ఇంకా ఒప్పుకోలేదు. రోడ్డు మీద జెండా కుర్రాడికి మనం ఇచ్చిన పని బండ్లు ఆపడం వరకే. ఆగని బండి వస్తే వాడు ముందు తాను దూకి తప్పుకుంటాడు, తప్పుకోవాలి కూడా. వాడి వెనక వంగి తారు సర్దుతున్న అయిదుగురికి వీపు మాత్రమే ఉంది, కళ్లు లేవు.

నోటి కేక పనికి రాదు. రోలరు, పేవరు మోతలో పక్కనున్నవాడి మాటే వినపడదు. వినపడినా మేస్త్రీ తెలుగులో పారిపోండ్రా అంటే ఒడియా కుర్రాడికి అర్థమయ్యేలోపు లారీ వచ్చేస్తుంది. చెవులు చిల్లులు పడే గ్యాస్ హారన్ ఒకటి, పెద్ద ఖరీదేమీ కాదు, జెండా కుర్రాడి నడుముకు కట్టొచ్చు. అది కూడా లేకపోతే సైటులో నిలబడిన టిప్పరు హారనే చాలు. ఆగకుండా మోగిందంటే పని వదిలి పరుగెత్తాలని అందరికీ ఒకే గుర్తు. డాలీ రాత్రి పోలీసులకు తెలియక తడుముకున్న సంగతి, పని మేస్త్రీ ఎవరు, నంబరు ఎంత అన్నది, పక్క పోలీసు స్టేషనులోను, హైవే గస్తీ బండిలోను, అంబులెన్సులోను ముందే రాసి ఉండాలి. మేస్త్రీ మారిన రోజు ఆ కాగితమూ మారాలి.

ఇక హారన్ మోగితే ఎటు పరుగెత్తాలన్నది సూపర్‌వైజరు పొద్దున పని మొదలుపెట్టకముందే అందరినీ వెంటబెట్టుకుపోయి చూపించాలి. గంగవరం చదునులో అయితే చిక్కు లేదు, పొలం వైపు దూకొచ్చు. అక్కడ కూడా కంకర కుప్పలు, పైపులు ఆ వైపే పోసి దారి మూసేస్తారు, వాటిని ముందు పక్కకు జరిపించాలి. మొగిలి ఘాట్‌లో అలా కుదరదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అక్కడ మనుషుల మీదికి బండి రాకుండా పనికి ముందు ఒక బరువైన లారీని అడ్డంగా నిలబెట్టాలి, అందులో ఎవరూ కూర్చోకూడదు, దానికీ పనివాళ్లకూ మధ్య ఖాళీ వదలాలి. ఆ లారీ కిరాయి ఎవరు భరించాలన్నది టెండరు రాసేటప్పుడే తేల్చుకోవాల్సిన లెక్క.